బ్రేకుల్లేని బావగారు

ఆ రోజుల్లో మా కోనసీమలో సైకిలుకి బ్రేకులున్నాయా అని అడిగిన మనిషిని నేను చూడలేదు. గంట మోగుతుందా అని అడిగేవారు, వెనక కేరేజీ గట్టిదేనా అని అడిగేవారు. రాజోలు నుంచి అమలాపురం దాకా నేల చాప పరిచినట్టుంటుంది. ఆగాలంటే తొక్కడం మానేస్తే చాలు, సైకిలు దానంతటదే విసుగొచ్చి ఆగుతుంది. మరీ తొందరైతే చెప్పు నేలకి రాసేవాళ్లం. పైగా హేండిలుకి చెరో పక్కా కొబ్బరి గెలలు వేలాడదీస్తే బ్రేకు కడ్డీలు అడ్డం వస్తున్నాయని, మా నాన్నగారు ఇంట్లో ఉన్న రెండు సైకిళ్లకీ వాటిని పీకించి అటక మీద పడేశారు. మాకు తెలిసిన పల్లం అంటే కాలవ మీద వంతెన దిగడమే. దిగుతున్నామని తెలిసేసరికి అది కాస్తా అయిపోయేది.

డిగ్రీ పూర్తయి, ఉద్యోగం రాక, ఇంట్లో అందరి మీదా వెటకారాలాడుతూ నేను కాలక్షేపం చేస్తున్న రోజులవి. (ఆ పని జీతం లేకుండానే శ్రద్ధగా చేసేవాణ్ణి.) మా అక్క ఏడో నెలతో పుట్టింటికి వచ్చింది. చలికాలంలో బడికి పది రోజులు సెలవులొస్తే బావగారు కూడా వచ్చారు. ఆయన మామిడికుదురు దగ్గర ఒక బడిలో సోషలు మాస్టారు. కొండలు ఎలా పుడతాయో, ఎలా అరిగిపోతాయో ఏళ్ల తరబడి పిల్లలకి పాఠం చెప్పారు గానీ, కొండ మీద కాలు పెట్టి ఎరగరు. మనిషి మహా మర్యాదస్తుడు. గేదె అడ్డం వచ్చినా "కాస్త తప్పుకోండమ్మా" అనే రకం. అటువంటి మనిషి ఒక రోజు భోజనాల దగ్గర "ఏమోయ్, సైకిళ్ల మీద మన్యంలో రంప దాకా వెళ్లొద్దామా? పాత రాతి గుడి ఉందంట. కొండలు కూడా చూసినట్టుంటుంది" అన్నారు. ఇంటల్లుడి నోటి నుంచి వచ్చిన మొదటి కోరిక అది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అక్కడి నుంచి ఇంట్లో భయాల పోటీ మొదలైంది. అమ్మకి మన్యం జ్వరం భయం. నాన్నగారికి పులి భయం. అక్కకి మాత్రం నా భయమే. నన్ను పెరట్లోకి పిలిచి, "నీ ఎటకారాలు అక్కడ కాదు. ఆయన్ని ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకొచ్చి నాకు అప్పజెప్పాలి. ఒక్క గీత పడిందంటే నీ మొహం చూడను" అంది. "గీతలు ముందే ఉంటే ఇప్పుడే చూసి రాసుకోవే" అన్నాను. అది నవ్వలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని నావంక అలాగే చూసింది. బయలుదేరే ముందు అమ్మ మమ్మల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, జ్వరం నుంచీ, పులి నుంచీ, పాముల నుంచీ, లారీల నుంచీ కాపాడమని ఒక్కోదాన్నీ పేరుపేరునా చెప్పి ప్రభువుకి ప్రార్థన చేసింది. అంత పొడుగు ప్రార్థనలోనూ బ్రేకుల మాట ఎవరికీ తోచలేదు.

రావులపాలెంలో అరటిగెలల లారీలు తప్పించుకుని, రాజమండ్రిలో చుట్టాలింట్లో ఒక రాత్రి పడుకుని, మర్నాడు కోరుకొండ చేరాం. అక్కడ ఊరి నెత్తి మీద నిలబడ్డట్టున్న కొండని చూసి బావగారు సైకిలు దిగి చాలాసేపు నిలబడిపోయారు. "ఏమోయ్, పటంలో గోధుమ రంగులో ఉంటుంది కదా, ఇది పచ్చగా ఉందేంటి?" అన్నారు. "రంగు వేసినవాడు వేసవిలో వచ్చుంటాడండి" అన్నాను. ఆయ్ అంటూ తల ఊపారు. ఆ ప్రయాణంలో అదే నా ఆఖరి మంచి వెటకారం అని అప్పటికి నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున్నే రంపలో రాతిగుడి చూశాం. ఎప్పటిదో తెలియని ఆ రాళ్లని బావగారు జ్వరం చూసినట్టు అరచేత్తో తడిమి తడిమి చూశారు. ఇక తిరుగుముఖం పడదామంటే ఒప్పుకోలేదు. "కొండ దాకా వచ్చి ఎక్కకపోతే పిల్లలకి ఏం చెప్పనోయ్?" అని ఎదురుగా కనిపించిన ఘాటీ రోడ్డు పట్టారు. మధ్యాహ్నం దాకా సైకిళ్లు తోసుకుంటూ ఎక్కాం. మేం సైకిళ్ల మీద వెళ్లామనడం కంటే సైకిళ్లకి కొండ చూపించడానికి తీసుకెళ్లామనడం న్యాయం. మనిషి అలికిడి లేదు. ఎండుటాకు రాలితే పులేమోనని నేను, పులేమోనని నేను అనుకుంటున్నానేమోనని ఆయన, ఇద్దరం ఒకేసారి దగ్గేవాళ్లం.

పైకి చేరాక వచ్చిన దారిలోనే వెనక్కి తిరిగాం. బావగారు పంచె ఎగ్గట్టి, సైకిలెక్కి, మన వంతెన మీద నుంచి దిగుతున్నంత నిశ్చింతగా కాళ్లు వదిలేశారు. ఇక్కడే మా కోనసీమ బుద్ధి పని చేసింది. పల్లం అంటే కాసేపట్లో అయిపోయేది కదా అని ఆయన ధీమా. ఆ పల్లం అయిపోలేదు. సైకిలు వడి అందుకుంది. "బావగారూ, ఆపండి" అన్నాను. "ఆగట్లేదోయ్" అన్నారు, ఎవరి మీదా నేరం మోపని గొంతుతో. చెప్పు నేలకి రాశారు. ఆ చెప్పు ఊడి రోడ్డు మీద ఉండిపోయింది, బావగారు మాత్రం వెళ్లిపోయారు. మలుపు తిరుగుతూ "తప్పుకోండి బాబూ, ఏమీ అనుకోకండి" అని ఖాళీ రోడ్డుకి మనవి చేసుకుంటున్నారు. గంట ఒకటే మోగుతోంది.

ఆయన వెనక నేనూ సైకిలెక్కాను. (నా సైకిలుకీ బ్రేకులు లేవన్న సంగతి ఎక్కాక గుర్తొచ్చింది.) గాలి చెవుల్లో హోరెత్తింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత పెద్దదిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. హేండిలు కొండవేపు తిప్పి, కావాలనే పక్కనున్న కాలవలో పడ్డాను. మోకాళ్లు చెక్కుకుపోయాయి. లేచేసరికి కింద ఎక్కడో ఇంకా గంట వినిపిస్తోంది. ఒక మలుపు కింద, ఇంకో మలుపు కింద, సన్నగా. తరవాత ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం లాంటిది మళ్లీ నా జన్మలో వినలేదు. పరిగెత్తాను. ప్రతి మలుపులోనూ అంచు దాకా వెళ్లి, లోయలోకి చూడటానికి ధైర్యం చాలక కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి చూసేవాణ్ణి. పంచె తెలుపు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుకుతూ, కనిపించకూడదని మొక్కుకుంటూ. అక్క పొట్ట మీద చెయ్యి వేసుకుని చూసిన చూపు కళ్లలోంచి పోలేదు. దానికి ఏం చెప్పాలి? పరిగెడుతూ ఎన్నో వాక్యాలు అల్లుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక, దేని మీదైనా ఒక చమత్కారం వెయ్యగలిగిన నాకు, మామూలు మాట ఒక్కటి కూడా కుదరలేదు.

ఇంకో మలుపు తిరిగాను. రోడ్డు వారన నాలుగు గుడిసెలు, వాటి ముందు కొండచీపురు గడ్డి కోసుకొచ్చి పోసిన పెద్ద కుప్ప. ఆ కుప్పలోంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఒకదానికి చెప్పుంది. పక్కనే ముసలమ్మ ఒకావిడ చుట్ట కాలుస్తూ ఆ కాళ్లని అడుగుతోంది, "ఎవరింటికొచ్చేరు బాబూ?" అని. కుప్ప లోపలి నుంచి బావగారి గొంతు, "ఎవరింటికీ కాదండి, ఇలా వెళ్తూ" అంది.

నేను ఆయన కాళ్లు పట్టుకుని లాగాను. మనిషి మొత్తం వచ్చారు. మొహం నిండా సన్నటి గీతలు, జుట్టు నిండా గడ్డి. చేతులు, భుజాలు, మెడ అన్నీ తడిమి చూశాను, ఆయన రంపలో రాళ్లని చూసినట్టు. అన్నీ ఉన్నాయి. అప్పుడు నాకేమైందో తెలియదు, రోడ్డు మధ్యలో చతికిలబడి, ముక్కు కారేలా, వెక్కిళ్లు పెట్టి ఏడ్చాను. బావగారు కంగారుపడిపోయి, నా పక్కన కూర్చుని, కండువాతో నా మొహం తుడిచారు. "ఊరుకో, ఊరుకోవోయ్. నాకేం కాలేదు కదా" అని పడిన మనిషే వీపు నిమిరారు. ముసలమ్మ ఇద్దరినీ చూసి, "దెబ్బ ఎవరికి తగిలింది?" అని అడిగి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. గడ్డిలోంచి ఆయన సైకిలు లాగి, పైకెళ్లి నా సైకిలూ ఆయన చెప్పూ తెచ్చుకుని, సాయంత్రం దాకా చెదిరిన గడ్డి మళ్లీ కట్టలు కట్టి పెట్టాం. వస్తుంటే ఆవిడ బావగారి చేతిలో ఒక కొత్త చీపురు పెట్టింది. ఆ రాత్రి రంపలో తలదాచుకుని, తెల్లవారాక మళ్లీ సైకిళ్లెక్కాం. చిన్న పల్లం కనిపించినా దిగి నడిచాం.

ఇంటికొచ్చాక అక్క ఆయన మొహం వంకా, చీపురు వంకా చూసి, "ఇన్ని గీతలేంటిరా?" అంది. అప్పటికి నా నోరు నాకు తిరిగొచ్చింది. "చరిత్ర చూడాలంటే కొంచెం రాపిడి ఉంటుందే" అన్నాను. అక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు. సంగతంతా విన్న నాన్నగారు తాపీగా, "ఆయ్, అటకమీది బ్రేకులు మళ్లీ బిగించడం దేనికండీ అల్లుడుగారూ, మనూళ్లో కొండలేవీ?" అన్నారు.

ఇన్నేళ్లూ ఏ పెళ్లిలో కలిసినా, ఏ పండక్కి కలిసినా బావగారి కొండ దిగుడు నేను నటించి చూపించడం, అందరూ పొట్టలు పట్టుకోవడం ఆనవాయితీ. ఇప్పుడు ఆయన మనవలు కూడా చుట్టూ చేరి వింటారు. పోయినసారి వాళ్లలో చిన్నది, "మరి నీకు భయం వెయ్యలేదా చిన్నతాతా?" అని అడిగింది. నేను తడుముకుంటుంటే బావగారే అందుకున్నారు. "మీ చిన్నతాతకి భయమేంటే? నేను గడ్డిలోంచి లేచేసరికి ఎదురుగా నించుని పకపకా నవ్వుతున్నాడు" అన్నారు. అబద్ధమాడటం ఆయనకి అలవాటు లేదు, అందుకని నావేపు చూడలేదు. నేనూ ఆయనవేపు చూడలేదు. తల నెరిసిన ఇద్దరం చెరో పక్కకీ చూసుకుంటూ, చాలాసేపు అలా నవ్వుకుంటూ కూర్చున్నాం.