పదహారో వచనం దగ్గర జోసఫ్

ఒక మనిషి మనసు ఒక వాక్యం మీద నిలబడిందో లేదో, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? ముప్పై ఒక్క ఏళ్లు శాఖా గ్రంథాలయంలో చదువరుల ముఖాలు చూస్తూ గడిపాను. పుస్తకం తెరిచి పెట్టుకుని ఇంటి గొడవలు ఆలోచించేవాణ్ని దూరం నుంచే పోల్చేవాణ్ని, లేదా పోల్చాననుకునేవాణ్ని. 2009 చలికాలంలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కొల్లాబత్తుల జోసఫ్ నన్ను తన ప్రార్థనకు ఇన్‌స్పెక్టరుగా వేసుకున్నాక ఆ నమ్మకం పోయింది. తిరిగి రాలేదు.

రిటైరయ్యాక నేను వెళ్లి ఉన్న మా అమ్మాయి భానుశ్రీ వాళ్ల అపార్ట్‌మెంటుకి సరిగ్గా కింద ఇల్లు జోసఫ్‌ది. ఊరు నర్సాపురం. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. తల్లి రోజుకో కీర్తన అప్పజెప్పించుకున్నాకే అన్నం పెట్టేదట. పాలిటెక్నిక్ చదివి, పుణేలో పనిచేసి, కార్లకు స్టీరింగు దగ్గర వాడే ఇనుప భాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా అమెరికా వచ్చాడు. వెంట్రుకంత పగులును కూడా అతని కన్ను వదిలేది కాదు. ఆ కన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగేదీ కాదు. హోటల్లో చెంచాను వెలుతురుకు పెట్టి తిప్పి చూసేవాడు. పెళ్లి ఆల్బం అంచులు సమంగా లేవని మూడుసార్లు వెనక్కి పంపాడు.

"నాలుగోసారి నన్నే పంపేస్తారేమోనని భయపడ్డానండి బాబాయ్‌గారూ," అనేది అతని భార్య దేవకుమారి.

ఆ జనవరిలో కంపెనీ అతనికి అరవై రోజుల నోటీసు ఇచ్చింది. ఆ లోగా ఇంకో కంపెనీ అతని వీసా తీసుకోకపోతే భార్యాబిడ్డలతో దేశం వదలాలి. కార్ల పరిశ్రమ మొత్తం నేలమట్టమై ఉన్న రోజులవి. ఫ్యాక్టరీకి రానక్కర్లేదన్నారు కనుక, అతను పొద్దున్నే నన్ను కారెక్కించుకుని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లేవాడు. నేను పుస్తకాల దగ్గరికి, అతను కంప్యూటర్ల దగ్గరికి. మాస్టారూ అని పిలిచేవాడు. నేను మాస్టర్ని కాదయ్యా, లైబ్రేరియన్ని అని రెండుసార్లు చెప్పి మానేశాను.

లైబ్రరీలో హీటరు పక్క కుర్చీ శాపిరో గారిది. డెబ్బై దాటిన యూదుడు. అచ్చులు చెక్కే పనిచేసి రిటైరయ్యాడు. ఒకరోజు జోసఫ్ ఖాళీ ఈమెయిల్ పెట్టెను చూసి తనకు తెలియకుండానే తెలుగులో ఓ కీర్తన గొణుక్కుంటుంటే, ఏమిటది అని శాపిరో అడిగాడు. నూట నలభై అయిదో కీర్తన అని జోసఫ్ చెప్పగానే ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"అది తిండికి సంబంధించింది. మేము రోజుకు మూడుసార్లు చెబుతాం," అన్నాడు. వాళ్ల మర్మవిద్యలో పైన పది పాత్రలున్నాయట. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దైవకృప కాలువలుగా దిగుతుందట. కిందికొచ్చేసరికి అది రొట్టె అవుతుందట. ఆ కీర్తనలో పదహారో వచనం, దేవుడు చేయి తెరిచి బతికున్న ప్రతిదానికీ కావలసింది పెడతాడనేది, ఆ కాలువకు తలుపులాంటిదట. అది చెప్పేటప్పుడు అరచేతులు పైకి తెరవాలి. మనసు మాట మీద ఉండాలి.

జోసఫ్ ఇంజనీరు కనుక వెంటనే అర్థం చేసుకున్నాడు. "లీక్ ఎక్కడవుతుందండీ?" అని అడిగాడు.

శాపిరో తన నుదురు తట్టి చూపించాడు. "మనసు లేకుండా చెబితే వెనక్కి వెళ్లి, ఆ వచనం నుంచి మళ్లీ చెప్పాలి. అది నియమం."

ఆ ఒక్క మాటా చెప్పకుండా ఉంటే బాగుండేది. కారు దాకా నడుస్తూ జోసఫ్ తన తల్లికి అప్పజెప్పినప్పటి నుంచి ఆ వచనాన్ని ఎన్ని వేలసార్లు మనసు లేకుండా పాస్ చేశాడో లెక్క వేయబోయి, వేయలేక మంచులో నిలబడిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నన్ను కిందికి పిలిచాడు. సోఫా ఎదురుగా కుర్చీ వేసి ఉంది.

"చేసినవాడే చెక్ చెయ్యకూడదండి మాస్టారూ. మా ఫీల్డులో ఫస్ట్ రూల్. నేను చెబుతాను, మీరు చూడాలి."

"ఏం చూడాలయ్యా?"

"నేనున్నానో లేదో."

"నాకు మీ కీర్తనలు రావు గదా?"

"అందుకేనండి మిమ్మల్ని అడిగేది. మా సంఘంలో వాళ్లయితే నాతోపాటు వాళ్లూ చెప్పేసుకుంటూ ఉంటారండి. చూడరు."

వంటింట్లోంచి దేవకుమారి అంది: "పాస్టర్‌గారికి తెలిస్తే చర్చిలో మనకి బల్ల రొట్టె ఇవ్వరు, చూస్కోండి."

"కీర్తన మనదే కదే."

"కీర్తన మనదే. మధ్యలో ఈ ఇన్‌స్పెక్షనెవరిది?"

అలా మొదలైంది. పదిహేను వచనాలు నదిలా సాగేవి. చిన్నప్పటి చదువు, నాలిక మీద దానంతటదే నడిచేది. పదహారు రాగానే అరచేతులు తెరిచి, కళ్లు మూసుకుని, ఒక్కో మాటా సానబట్టినట్టు చెప్పేవాడు. చెప్పి, కళ్లు తెరిచి నా వంక చూసేవాడు. నేను తలూపేలోపే తనే ఒప్పుకునేవాడు.

"రిజెక్ట్ అండి."

"ఎక్కడికెళ్లావు?"

"టొమాటోలు. నిన్న తెచ్చినవాటిలో రెండు మెత్తబడ్డాయి."

మళ్లీ. ఈసారి నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు దగ్గరికి వెళ్లాడు. మళ్లీ. ఈసారి ఎక్కడికీ వెళ్లలేదు కానీ, ఎక్కడికీ వెళ్లలేదన్న సంతోషం దగ్గరికి వెళ్లాడు. మొదటి రోజు నలభై మూడుసార్లు. ముప్పయ్యోసారో ఎప్పుడో అతని ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"దేవుడి చెయ్యే కనపడిందండి మాస్టారూ!"

"మరింకేం, పాసేగా?"

"గ్లవ్ వేసుకుని ఉందండి. ఫ్యాక్టరీది. రిజెక్ట్."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. గ్లవ్ ఏ సైజో చూశానని కూడా చెప్పాడు.

ఫిబ్రవరి అంతా ఇలాగే గడిచింది. పాస్ అయిన రోజులు లేకపోలేదు. చీకటి పడేముందు అతను అలసిపోయి, ఇక పోల్చుకునే ఓపిక లేక, నా వంక ప్రశ్నగా చూసేవాడు. నేను తలూపేవాణ్ని. ఏం చూసి ఊపానో ప్రమాణపూర్వకంగా చెప్పలేను. కళ్లకింద కాస్త వదులు కనిపించేది, అంతే. అన్నం వాసనకు కూడా ముఖం అలాగే వదులవుతుంది.

నోటీసు గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా అలబామా నుంచి ఓ గేర్ల ఫ్యాక్టరీ వాళ్లు ఫోన్ ఇంటర్వ్యూ పెట్టారు. బుధవారం రెండింటికి. కీర్తన పూర్తయ్యాకే ఫోన్ తీస్తానని జోసఫ్ ఒంటిగంటకే కూర్చున్నాడు. సెల్‌ఫోన్ మా ఇద్దరి మధ్య టీపాయ్ మీద పెట్టాడు.

రెండు గంటల మూడు నిమిషాలకు ఫోన్ మోగింది. అప్పటికి పదహారో వచనం చెప్పడం అరవైసార్లు దాటింది. జోసఫ్ కళ్లు తెరవలేదు. తెరిచిన అరచేతుల్లో ఒకదాన్ని కొంచెం ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేశాడు. ఎవరికి చేశాడో తెలియదు. ఫోన్ టీపాయ్ మీద వణుకుతూ అంచుదాకా జరిగి ఆగిపోయింది.

దేవకుమారి పప్పు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, నేను పనికెళ్తా, ఉద్యోగం చేస్తా అంటే ఈ వీసా మీద కుదరదన్నారు. ఇప్పుడు మీరూ కుదరదంటే పిల్లని తీసుకుని ఎక్కడికెళ్లమంటారు?"

"రిజెక్ట్," అన్నాడు జోసఫ్ కళ్లు మూసుకునే. "నువ్వు మాట్లాడావు. మళ్లీ."

మళ్లీ చెప్పాడు. చెప్పి నా వంక చూశాడు. ఆ క్షణానే ఫోన్ రెండోసారి మోగింది. ముఖం చూద్దామని ప్రయత్నించాను. చెమట కనిపించింది. వెనక గరిటె కొసన పప్పుచుక్క ఒకటి వేలాడుతూ కనిపించింది.

"బాబాయ్‌గారూ, మీ కాళ్లు పట్టుకుంటా," అంది దేవకుమారి.

"పాస్," అన్నాను.

"నిజంగానా మాస్టారూ?"

"పాస్ అన్నానా! ఫోన్ తియ్యి."

మిగిలిన అయిదు వచనాలూ ఒక్క ఊపిరిలో చెప్పేసి ఫోన్ ఎత్తాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. శుక్రవారానికి ఆఫర్ వచ్చింది, వీసాతో సహా. దేవకుమారి మా ఇంటికి కేకు పంపింది. దాన్ని జోసఫ్ కోశాడని ముక్కల కొలత చూడగానే తెలిసింది.

సోమవారం లైబ్రరీ నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర అడిగాడు.

"ఆ రోజు పాస్ అన్నారు కదండీ. ఏం చూసి అన్నారండీ?"

అబద్ధం చెప్పవచ్చు. అతను కనిపెట్టేవాడు కూడా కాదేమో. కానీ ముప్పయి రోజులు నన్ను నమ్మి ఎదురుగా కూర్చున్నాడు.

"దేవకుమారి చేతిలో గరిటె చూసి," అన్నాను.

ఒక మైలు దూరం పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అయితే డిఫెక్టివ్ పీస్ మీద వచ్చిందండి ఈ జాబ్," అన్నాడు. "నిలబడదండి. చూడండి, ఆర్నెల్లలో వెనక్కొస్తుంది."

కారు వెనక్కి తిప్పి మళ్లీ లైబ్రరీకి తీసుకెళ్లాడు. హీటరు పక్కన శాపిరో అంతా విన్నాడు.

"మనసు లేకపోతే మళ్లీ చెప్పమన్నాను. మనిషిని కాపలా పెట్టమన్నానా?" అని నా వంక చూశాడు. "ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చిందండి."

"మరి ఇంకేం కావాలి, వారంటీయా?"

"ఒక్కటండి. ఒక్కటి సరైనది," అన్నాడు జోసఫ్. "అది లేకుండా ఆ ఫ్యాక్టరీ లైన్లో ఎలా నిలబడనండి?"

శాపిరో తన తాత ఆ వచనం దగ్గర ఏడ్చేవాడని, ఎందుకో తను ఎప్పుడూ అడగలేదని చెప్పి, పత్రిక తెరిచాడు.

ఆ తర్వాత జోసఫ్ నన్ను కుర్చీలోకి పిలవలేదు. కోపంగా లేడు. మెట్ల దగ్గర నమస్కారం పెట్టేవాడు. మధ్యాహ్నాలు నేల కింద నుంచి అతని గొంతు వినిపించేది. పదిహేను వచనాలు నదిలా, తర్వాత ఆగి ఆగి, అదే వాక్యం. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేనూ ఆగి వినేవాణ్ని. నా పేజీ తిరిగేది కాదు.

మార్చి చివరి శనివారం అలబామా వెళ్లడానికి అద్దె ట్రక్కు వచ్చింది. సామాను ఎక్కించడం అయ్యాక, భానుశ్రీ ఇచ్చిన పులిహోర డబ్బా పట్టుకుని కిందికి దిగాను. బురదైన మంచులో ట్రక్కు ఇంజను ఆన్‌లో ఉంది. జోసఫ్ స్టీరింగు ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అరచేతులు తెరిచి స్టీరింగు మీద వెల్లకిలా పెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. కూతురు మధ్య సీట్లో నిద్రపోతోంది.

దేవకుమారి కిటికీ దించి, పెదవుల మీద వేలు పెట్టి నన్ను ఆపింది. అయిదడుగుల దూరంలో నిలబడ్డాను. పావుగంట నిలబడ్డాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత ఆవిడ చేయి చాచి, చప్పుడు కాకుండా డబ్బా అందుకుని, కళ్లతోనే దండం పెట్టి కిటికీ మూసింది. అద్దానికి ఆవిరి పట్టింది. అతని ముఖం ఇక కనిపించలేదు.

లోపల ఆ ఆకారం ఒక్కసారి నిటారుగా అయింది. గేరు మారిన చప్పుడు వచ్చింది. ట్రక్కు నన్ను దాటి, పార్కింగ్ చివర సిగ్నల్ ఇచ్చి, ట్వెల్వ్ మైల్ అనే పెద్దరోడ్డు మీదికి తిరిగి వెళ్లిపోయింది.