తొంభై ఏడు దగ్గర ఆగిన నీళ్లు

చెన్నమ్మకు సైన్సంటే భయం. పులికి భయపడేవాళ్లలో చాలామంది పులిని చూసి ఉండరు. చెన్నమ్మ మాత్రం సైన్సును వారానికి ఆరు పీరియడ్లు ఎదురుగా చూసి మరీ భయపడేది.

కదిరి వైపు నుంచి తట్టాబుట్టా సర్దుకుని బెంగళూరు చేరిన కుటుంబం అది. మారతహళ్ళి వెనక రేకుల ఇల్లు. నాన్నది సెంట్రింగ్ పని. అమ్మ బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటు మెట్లు తుడుస్తుంది. చెన్నమ్మ సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, సైన్సు పుస్తకంలో ఇంగ్లీషు. ఇక అర్థం కావడమెట్లా? బట్టీ పట్టేది. రెండు పరీక్షల్లో తప్పింది.

"ఈ తూరి గూడా పోతే బడి చాలించు. నాతోపాటు మెట్లు తుడుద్దువు గానీ," అంది తల్లి. కోపంగా అని ఉంటే బాగుండేది. అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది. చెన్నమ్మకు ముద్ద దిగలేదు.

మూడో పరీక్ష ప్రయోగం. నీళ్లు కాచి, మరిగేటప్పుడు థర్మామీటరు ఎంత చూపిందో రాయాలి. పది మార్కులు. అవి వస్తే గట్టెక్కినట్టే. ఆ బడిలో ఒక ఆచారముంది. పై తరగతివాళ్ల రికార్డు పుస్తకం కింది తరగతికి దిగుతుంది, దాంతోపాటు అంకెలూ దిగుతాయి. పిల్లలు ముందు జవాబు రాసుకుని, ఆ తర్వాత నీళ్ల కింద దీపం వెలిగిస్తారు. ఇది తప్పని ఎవరికీ తోచదు. అక్కలూ అన్నలూ అట్లాగే పాసయ్యారు మరి!

ఆ రోజు చెన్నమ్మ ఖర్మకొద్దీ, క్లాసంతటికీ ఉన్న ఒక్క థర్మామీటరుకు ఎదురుగా చోటు దొరికింది. నీళ్లు తెర్లుతున్నాయి. పాదరసం తొంభై ఏడుకు ఎక్కి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. పెన్సిలుతో 97 అని రాసింది. పక్కనున్న వర్షిణి కాగితం చూసింది. 100. ముందు బల్లలోనూ 100. వెనకా అంతే. చెన్నమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. అందరికీ వచ్చింది తనకొక్కదానికే రాలేదంటే తప్పు తనదే. కాగితం చిరిగేదాకా రుద్దింది. చిల్లు పక్కన 100 వేసింది.

అశోక్‌కుమార్ మాస్టారు ఆ ఏడే కొత్తగా వచ్చారు, బెంగళూరు కాటన్‌పేట తెలుగాయన. బల్లలన్నీ చూసుకుంటూ వచ్చి ఆ చిల్లు దగ్గర ఆగారు.

"ఇక్కడ ముందు ఏం రాస్తివమ్మా?"

"వంద, సార్."

"రుద్దకముందు?"

బకెట్టూ, తడిగుడ్డా, మెట్లూ కళ్ల ముందు తిరిగాయి.

"తొంభై ఏడు సార్. తప్పయిపాయ సార్. ఫెయిల్ చేయొద్దండి సార్!" అంటూ బావురుమంది.

మాస్టారు క్లాసంతటికీ కన్నడంలో చెప్పి, చెన్నమ్మ కోసం మళ్లీ తెలుగులో చెప్పారు. "వందకు మరిగేది సముద్రం పక్కనమ్మా. మన ఊరు ఎత్తులో ఉండాది, గాలి ఒత్తిడి తక్కువ. ఇక్కడ తొంభై ఏడుకే మరుగుతాది. నలభై మందిలో థర్మామీటరును చూసింది నువ్వొక్కదానివే."

ఆయన మాట ముగిసిందో లేదో, గదంతా రబ్బర్ల చప్పుడు. ముప్పై తొమ్మిది మందీ వందను చెరిపి తొంభై ఏడు వేసుకున్నారు. ఒక్కరూ థర్మామీటరు వైపు తల తిప్పలేదు. వాళ్లను తిట్టాలనిపిస్తుంది గానీ ఏమని తిడతాం? వాళ్లదీ భయమే.

"రాయమ్మా నువ్వు గూడా," అన్నారు మాస్టారు.

చెన్నమ్మ రాయలేదు. ఇందాక క్లాసంతా వంద అని రాసింది, ఇప్పుడు మాస్టారు తొంభై ఏడంటున్నారు. ఎవరి మాట పట్టుకున్నా మునిగిపోతానేమోనని భయపడింది.

"సార్, నీళ్లు చల్లారిపోయినాయి," అంది ఏడుపు గొంతుతోనే. "ఇంకొక తూరి కాగబెట్టండి సార్. చూసి రాస్తాను."

మాస్టారు ముందు పదికి పది వేశారు. ఆ తర్వాత అగ్గిపుల్ల గీశారు.