గడప ఒక్కటీ వదిలేసి

మనవరాలి చెవి వెనక చిన్న నల్లటి చుక్క కనపడితే మొదట పుట్టుమచ్చ అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాయి. నాలుగేళ్ళ పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని ఫోన్‌లో బొమ్మలు చూస్తోంది. జుట్టు పక్కకి తీసి, కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పుట్టుమచ్చకి కాళ్ళుండవు. దీనికి ఉన్నాయి.

"గోమారి!" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే అన్నట్టున్నాను. మా అమ్మాయి వంటగదిలోంచి తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. తను ఇక్కడే, సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఆ మాట ఎప్పుడూ వినలేదు. "అంటే ఏంటి నాన్నా?" అంది. చిన్నప్పుడు విశాఖ వైపు మా ఊళ్ళో గేదెల చెవుల్లోంచి ఇలాంటివి పీకేవాళ్ళమని చెప్పబోయాను. ఈలోగా తనే వంగి చూసి, "టిక్ కదా ఇది!" అంది. ఇక నా గేదెల కథ ఎవరికి కావాలి?

చిన్న పట్టకారుతో దాన్ని చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగాను. పాప "ఇట్ టికిల్స్ లా, తాతా" అని ఇక్కడి యాసలో అంటూ కిలకిలా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు.

"కుక్క నుంచే వచ్చింది. దాని ఒంటి మీద ఎన్ని ఉన్నాయో అసలు చూశావా నాన్నా?"

"వారం వారం స్నానం చేయిస్తున్నాను కదమ్మా."

"స్నానం కాదు, చెక్ చేశావా? పాపకి ఫీవర్ వస్తే ఎవరు రెస్పాన్సిబుల్? ఇవి పోయేదాకా మేం రాం. సారీ నాన్నా, సీరియస్‌గా చెప్తున్నా."

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, కుక్కని ఎవరికైనా ఇచ్చేయడం గురించి కూడా కాస్త ఆలోచించమంది.

ఆ కుక్క మా ఆవిడది. దిక్కులేని కుక్కల్ని పెట్టే షెల్టరు నుంచి, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా తెచ్చుకుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకూ దానికీ పడేది కాదు. అది నా కుర్చీలో కూర్చునేది, నేను తిట్టేవాణ్ణి, దాని తరఫున ఆవిడ నన్ను తిట్టేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు కుర్చీ దానిదే, నేను సోఫాలో సర్దుకుంటున్నాను. ఇంట్లో నేను నోరు తెరిచి మాట్లాడేది కూడా దానితోనే.

అమ్మాయి కాపురం టోవా పాయోలో. వారానికొకసారి, ఆదివారం, పాపని తీసుకుని సెంబవాంగ్ వస్తుంది. మిగతా ఆరు రోజులూ ఆ ఒక్కరోజు కోసమే ఎదురుచూస్తానని తనకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే వస్తుంది, కానీ జాలిపడి వస్తుంది. అది నాకు ఇష్టం లేదు. నేను వెళ్ళొచ్చు, ట్రైన్ ఎక్కితే ఎంతోసేపు పట్టదు. కానీ ఆ ఫ్లాట్‌లో తన అత్తగారూ మామగారూ ఉంటారు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని సోఫా చివర కూర్చుని, టీ తాగి, వాళ్ళ బీపీ సంగతులు విని వచ్చేయాలి. అందుకని నాకు కుక్కా కావాలి, ఆదివారమూ కావాలి. రెండూ దక్కాలంటే గోమార్లు పోవాలి.

నేను ఓడలు బాగుచేసే యార్డులో పాతికేళ్ళకు పైగా తనిఖీ పని చేసినవాణ్ణి. టార్చిలైటు వేసి, చిన్న సుత్తితో తట్టి, ఇనప రేకుల్లో వెంట్రుకవాసి పగుళ్ళు పట్టుకోవడమే నా ఉద్యోగం. ఇంతోటి పురుగు నాకొక లెక్కా అనుకున్నాను. ఆ సాయంత్రమే నేల మీద పాత న్యూస్‌పేపరు పరిచి కుక్కని పడుకోబెట్టాను. చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ళ సందుల్లో, చంకల్లో వెతికాను. ఒక్కొక్కటే పీకి, సబ్బునీళ్ళు పోసిన జామ్ సీసాలో వేశాను. అమ్మాయి ఫోన్ చేసి "ఎన్ని?" అంది. "పదిహేడు" అన్నాను. "ఓ మై గాడ్" అంది.

అప్పట్నుంచి రోజూ ఫోన్ వచ్చేది. ఆఫీసు అయిపోయి, ట్రైన్ దిగి ఇంటికి నడుస్తూ చేసేది. ముందు "ఈరోజు ఎన్ని నాన్నా?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. ఆ తర్వాత పాప అన్నం తినకుండా ఎలా ఏడిపించిందో, ఆఫీసులో ఎవరు తలనొప్పి తెప్పించారో, ఇవాళ వాన ఎంత పడిందో చెప్పేది. వెనక నుంచి బస్సుల చప్పుడు వినపడేది. ఇంతకుముందు వారం మధ్యలో తను నాకు ఫోన్ చేసిన గుర్తు లేదు.

లిటిల్ ఇండియా వెళ్ళి వేపాకు కట్టలు తెచ్చి, కాచి, ఆ నీళ్ళతో కుక్కకి స్నానం చేయించాను. అది రెండురోజులు మంచం కిందనుంచి రాలేదు, నా మొహం చూడలేదు. గోమార్లకి మాత్రం పన్నీరు చిలకరించినట్టే ఉంది. పశువుల డాక్టరమ్మ విని నవ్వి, కుక్క నమిలే మాత్ర ఒకటి ఇచ్చింది. ఇవి మా ఊరి గేదెల మీద ఉండే రకం కాదట. ఇళ్ళల్లోనే కాపురం పెడతాయట. కడుపునిండా రక్తం తాగి, రాలిపడి, గోడల్లో నేలల్లో ఏ సందు దొరికితే అందులో దూరి గుడ్లు పెడతాయట. "అంకుల్, మీరు వెతకాల్సింది కుక్క మీద కాదు, ఇంట్లో" అని చెప్పి పంపింది.

సరే, ఇంటి మీద పడ్డాను. ముందున్న గడ్డి మట్టి కనపడేదాకా కోశాను. పెరట్లో కుండీలన్నీ గోడకి దూరంగా జరిపి అడుగులు కడిగాను. కుక్క పడుకునే పరుపు పారేశాను. అప్పటికీ రోజుకి ఏడో ఎనిమిదో దొరుకుతూనే ఉన్నాయి. చివరికి పురుగుల మందు కొట్టే మనిషిని పిలిపించాను. మలయ్ ఆయన, నలభై ఏళ్ళుంటాయి, వీపుకి డబ్బా తగిలించుకుని వచ్చాడు. లోపలికి వస్తూ బూటుకాలు గుమ్మంలోని చెక్క మీద పెట్టబోయాడు. "హేయ్, దాని మీద కాదు!" అని నేను వేసిన కేకకి పాపం కాలు గాల్లోనే ఆపేశాడు.

ఆ చెక్క మా గడప. ఇక్కడ ఇళ్ళకి గడపలుండవు, లోపల్నుంచి బయటిదాకా ఒకటే పలకల నేల. ఈ ఇల్లు కొన్న కొత్తలో మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "గడప లేని ఇల్లు ఇల్లేటి? బస్టాండులాగుంది" అంది. టేకు చెక్క కోయించి, నేనే నాలుగు స్క్రూలు బిగించాను. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టేది. చివరి నెలల్లో వంగలేక, చిన్న పీట మీద కూర్చుని, మధ్యమధ్యలో ఆయాసం తీర్చుకుంటూ రాసింది. ఆ పసుపు అలాగే ఉంది. ఎండి బీటలు వారింది. నేను తుడవలేదు, మళ్ళీ రాయనూ లేదు. మూడేళ్ళుగా దాన్ని తొక్కకుండా దాటుకుంటూ తిరుగుతున్నాను.

ఆయన గదులన్నీ కొట్టాడు, పెరడు కొట్టాడు, గోడ అంచులు వరసగా కొట్టుకుంటూ వచ్చాడు. అన్నీ అయ్యాక గడప దగ్గర వంగి లైటు వేశాడు.

"అంకుల్, దీని కింద గ్యాప్ ఉంది. ఇది తీస్తే లోపల కూడా కొట్టేస్తాను."

"అక్కర్లేదు."

"టిక్స్‌కి ఇలాంటి చోటే ఇష్టం, అంకుల్."

"ఇది దేవుడిది. దీని మీద మందు పడకూడదు" అన్నాను.

దేవుడి పేరు చెబితే ఇక్కడ ఎవరూ వాదించరు. ఆయన తలూపి డబ్బా సర్దుకుని వెళ్ళిపోయాడు. నిజానికి నా మనసులో ఉన్నది దేవుడు కాదు. ఆ చెక్క తీస్తే ఆ పసుపు రాలిపోతుంది, అంతే. సాయంత్రం అమ్మాయి ఫోన్‌లో "ఇల్లంతా కొట్టించావా?" అని అడిగితే, "ఇల్లంతా కొట్టించాను" అన్నాను.

లెక్క తగ్గింది. ఐదు, రెండు, ఒకటి. తర్వాత వరసగా నాలుగు రోజులు ఏమీ లేవు. ఆదివారం ఇద్దరూ వచ్చారు. నేను పొద్దున్నే లేచి ముద్దపప్పు, బెండకాయ వేపుడు చేశాను. పాప భోజనమయ్యాక గడప మీద చతికిలబడి, బయట ఉన్న కుక్కకి బిస్కెట్ చూపించి ఊరిస్తోంది. "గడప మీద కూర్చోకూడదు తల్లీ, లే" అని చెయ్యి పట్టుకుని లేపాను. మోకాలి వెనక ఒకటి పాకుతోంది. ఇంకా కరవలేదు.

అమ్మాయి చూసింది. దాన్ని దులిపేసి, నేల మీద కూర్చుని, ఫోన్ లైటు గడప కిందికి వేసింది. చాలాసేపు చూసింది.

"ఇల్లంతా అన్నావు కదా నాన్నా."

నేను పాపని ఎత్తుకుని గడపకి దూరంగా నిలబెట్టాను.

"దీని కింద కొట్టించలేదు కదా? అబద్ధం చెప్పావు." అరవలేదు. అరిచినా బాగుండేది. ఎండిన పసుపు వైపు చూసింది. "నాకూ అమ్మే నాన్నా. కానీ ఇది పాప" అంది. పాపకి చెప్పులు తొడిగి తీసుకెళ్ళిపోయింది. సాయంత్రం కోసమని తెచ్చిన మామిడిపళ్ళు టేబుల్ మీదే ఉండిపోయాయి.

సోమవారం పొద్దున స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. నాలుగు స్క్రూలూ తుప్పు పట్టి మొరాయించాయి. చెక్క పైకి లేపితే కింద చిన్నవీ పెద్దవీ ఒకదాని మీద ఒకటి, మధ్యలో గోధుమరంగు గుడ్ల ముద్దలు. పరాయివాళ్ళ ఓడల్లో పాతికేళ్ళు పగుళ్ళు వెతికినవాణ్ణి, సొంత గుమ్మంలో ఇంత సందు పెట్టుకుని కాపలా కాశాను. కెటిల్‌లో నీళ్ళు మరిగించి తెచ్చి పోశాను. చెక్క మీద కూడా పోశాను. పసుపంతా కరిగి, పలకల మీదుగా పారి కాలవలోకి పోయింది. ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ రెండో కెటిల్ పెట్టాను. ఆవిడే ఉంటే మొదటిరోజే ఆ చెక్క పీకించి, "పిల్లకంటే పసుపు ఎక్కువైపోయిందేటి నీకు?" అని నన్ను కడిగేసేది. ఆ సంగతి నాకు ముందే తెలియాల్సింది.

మలయ్ ఆయన్ని మళ్ళీ పిలిచాను. ఈసారి గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని తీరిగ్గా కొట్టాడు. పలకల సందుల్లో నేనే సిమెంటు నింపాను. గడప తీసేశానని అమ్మాయికి ఫోన్‌లో చెబితే, "థాంక్స్ నాన్నా" అంది.

ఆ పైన లెక్క సున్నాకి వచ్చింది. ఒక వారం, రెండు వారాలు. "ఈరోజు ఎన్ని?" అంటే "ఏమీ లేవమ్మా" అనేవాణ్ణి. "గుడ్, గుడ్" అనేది. చెప్పడానికేమీ లేకపోయేసరికి మాటలు కుదించుకుపోయాయి. తర్వాత రోజు విడిచి రోజు చేసింది. నెలయ్యాక, ఇక పాపని తీసుకురావచ్చు కదా అన్నాను.

"ఆదివారాలు స్విమ్మింగ్ క్లాస్‌లో వేశాం నాన్నా. అప్పుడు నీ దగ్గరికి రావట్లేదు కదా, ఖాళీగా ఉందని. టర్మ్ అయ్యేదాకా తప్పదు."

"ఈత రావాలి, మంచిదే" అన్నాను.

ఆ తర్వాత ఫోన్లు కూడా ఆగిపోయాయి. కోపమేమీ లేదు. అడగాల్సింది ఏమీ లేదు, అంతే. నేను మాత్రం రోజూ సాయంత్రం కుక్కని పేపరు మీద పడుకోబెట్టి వెతుకుతూనే ఉన్నాను. ఒక్కటైనా దొరికితే బాగుండునని అనిపించేది. నాలాంటి వెర్రివాడు సింగపూర్‌లో ఇంకొకడు ఉండడు.

ఒక గురువారం ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. తను కంగారుగా ఎత్తింది.

"ఏంటి నాన్నా? మళ్ళీ వచ్చాయా?"

లేదు, ఊరికే చేశాను, నువ్వు గుర్తొచ్చావు అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది.

"నాన్నా? ఎన్ని?"

"ఒకటి" అన్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి తిన్నగా వచ్చేసింది, ఒక్కర్తే. హ్యాండ్‌బ్యాగ్ భుజానికి ఉండగానే నేల మీద కూర్చుని, "టార్చి తే" అంది. కుక్క ఆనందానికి అంతులేదు, వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ ఎత్తేసింది. నేను లైటు పట్టుకుంటే తను వెతికింది. చెవులు, మెడ, పొట్ట, పదహారు వేళ్ళ సందులు. అంతా అయ్యాక మళ్ళీ మొదట్నుంచి వెతికింది. మా ఇద్దరి తలలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. తన జుట్టులో తెల్లవెంట్రుకలు నాలుగైదు కనపడ్డాయి. అవి నేనెప్పుడూ చూడలేదు.

"ఏమీ లేదు నాన్నా. నిన్న దొరికింది సీసాలో వేశావా?"

కిటికీ దగ్గర సీసా తనే అందుకుంది. అందులో సబ్బునీళ్ళు తేటగా ఉన్నాయి. సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. ఒకసారి అబద్ధమాడి దొరికిపోయినవాణ్ణి, ఇంకోసారి దొరికిపోయాను.

"పాప నీకోసం చూస్తుంటుంది. ఇక లే అమ్మా" అన్నాను.

తను లేవలేదు. సీసా పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగ్ తీసి సోఫా మీదకి విసిరి, కుక్క తల తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఈ చెవి సరిగ్గా చూళ్ళేదనుకుంటా. లైటు ఇటు పట్టు నాన్నా" అంది.

ఆ చెవి అప్పటికే రెండుసార్లు చూశాం. నేను లైటు అటు తిప్పి పట్టుకున్నాను.