చక్రం కింది నిమ్మకాయ

టూవీలరు గుద్దితే పాదం అలా నలగదు. గోరిమేడు పెద్దాసుపత్రిలో నర్సు కట్టు మారుస్తుంటే చూడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే. బండి గుద్దితే మోకాలికో పిక్కకో దెబ్బ తగులుతుంది. మనిషి పక్కకు పడతాడు. మోచేతులు దోక్కుపోతాయి. ఇతని ఒంటి మీద ఇంకెక్కడా గీత కూడా లేదు. కుడి పాదం ముందు భాగం మాత్రం పైనుంచి ఏదో పెద్ద బరువు మెల్లగా దిగినట్టు నలిగిపోయింది. బొటనవేలు తప్ప మిగిలిన వేళ్లు తీసేశారు.

అతను ఇందిరా నగర్‌లో మా ఎదురింటి మనిషి, ప్రైవేటు టౌన్ బస్సులో కండక్టరు. మాలాగే తాతల కాలం నుంచి ఈ తమిళ ఊళ్లోనే ఉండిపోయిన తెలుగువాళ్లు. నన్ను అణ్ణా అంటాడు. పొద్దున్నే డ్యూటీకి నడిచి పోతుంటే ఎవరో కుర్రాడు టూవీలరుతో గుద్ది ఆగకుండా పోయాడనీ, బస్సు డ్రైవరు చూసి ఆటోలో తెచ్చాడనీ ఆసుపత్రిలో రాసుకున్నారు. ఆ మాట చెప్పింది డ్రైవరే. మంచం మీద పడుకునే అతను తల ఊపాడు.

నేను రెడ్డియార్‌పాళయంలో కొన్ని కొట్లకు లెక్కలు రాస్తాను. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. వడ్డీ, చీటీపాట, పన్నులు అన్నీ చూసీ అడిగీ నేర్చుకున్నవే. తెలుగు అక్షరాలు కూడా అలా వచ్చినవే, మా వాళ్లలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. ఈ పనిలో ఉన్నవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. కూడిక సరిపోయినా సరే, ఎందుకు సరిపోయిందా అని చూస్తాడు. పాలు పోయించుకుంటూ కూడా కొలపాత్ర అడుగు సొట్టబోయిందేమోనని చూస్తానని మా ఆవిడ నవ్వుతుంది.

అతన్ని ఇంటికి తెచ్చాక డ్రైవరు తరచూ రావడం మొదలుపెట్టాడు. బత్తాయిలు, హార్లిక్సు తెచ్చేవాడు. నేను కొట్లలో ఉండే వేళలోనే వచ్చేవాడు. ఒకటి రెండుసార్లయితే పట్టించుకోను. ప్రతిసారీ అదే వేళ అయ్యేసరికి నా మనసు అక్కడే తట్టుకుని నిలిచింది.

ఒక సాయంత్రం కండక్టరు భార్య ఒక కాగితం తెచ్చి చదివి చెప్పమంది. తమిళంలో టైపు చేసి ఉంది. డ్యూటీకి వస్తూ దారిలో గుర్తు తెలియని బండి తగిలి గాయపడ్డాను, దీనికీ బస్సుకూ ఏ సంబంధమూ లేదు, నేను ఎవరినీ ఏమీ అడగను, యజమాని దయతో మందుల ఖర్చు భరించి నాకు టైంకీపర్ పని ఇస్తున్నారు. అంతే. కింద సంతకానికి చోటు. సోమవారం లోపల ఇవ్వాలని డ్రైవరు చెప్పి వెళ్లాడట.

ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎలా కడతారో నాకు తెలుసు. నెల జీతంలో నూటికి అరవై వంతు తీసుకుని, వయసుకు తగ్గట్టు చట్టం ఇచ్చిన సంఖ్యతో హెచ్చవేసి, సంపాదించే శక్తి ఎంత పోయిందని డాక్టరు రాస్తే అంత భాగం చూస్తారు. అది యజమాని జేబులోంచి పోనక్కర్లేదు. బస్సుకు కట్టే ఇన్సూరెన్సులోనే డ్రైవరుకూ కండక్టరుకూ ఈ బాధ్యత కలిసి ఉంటుంది. మొదలాళి, అంటే ఆ బస్సుల యజమాని, లెక్క తెలియని మనిషి కాదు. మూడు బస్సులనూ ముగ్గురి పేర్ల మీద పెట్టి, ఏ ఒక్క బస్సు కిందా ఈఎస్ఐ కట్టేంత మంది పనివాళ్లు లేకుండా చూసుకున్నవాడు. అలాంటివాడు, ఇన్సూరెన్సు వాళ్లు ఇచ్చే డబ్బును తప్పించడానికి ఎందుకింత తిప్పలు పడతాడు? ఏదో నష్టం తప్పించుకోవడానికి కాకుండా ఊరికే దయ చూపించే మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

కండక్టరును అడిగాను. ఎక్కడ గుద్దిందని అడిగితే ఆసుపత్రిలో చెప్పిన మాటలే, అదే వరుసలో చెప్పాడు. బండి రంగేమిటన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. జరిగింది చెప్పేవాడు ఒకసారి ముందుది వెనక, వెనకది ముందు చెబుతాడు. బట్టీ పట్టినవాడే వరుస తప్పడు.

మర్నాడు పని మధ్యలో ఇంటికి వచ్చి, వీధి మొగలో డ్రైవరును పట్టుకున్నాను. అతనిదీ మా వైపు తెలుగే.

“ఏందన్నా, కొట్లో ఉండాల్సిన మనిషి యాడికొచ్చినారు?” అన్నాడు.

ఆ పొద్దు బస్సు ఎవరు తీశారని అడిగాను.

“నా బండి నేను తియ్యక మీరు తీస్తారా? లెక్కలు రాసి రాసి మీకు దేవుని పటం ఎనకాల కూడా దొంగే కనపడతాండాడు” అని నవ్వి, చేతిలో ఉన్న బత్తాయి ఒకటి నాకు ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు.

రెండు రోజులకు శుక్రవారం వచ్చింది. దెబ్బ తగిలింది కూడా ఒక శుక్రవారమే. మొదటి ట్రిప్పుకు ముందే రెడ్డియార్‌పాళయంలో ఆ బస్సులు నిలిపే షెడ్డుకు వెళ్లి, ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాను. బస్సులకు పూలమాలలు వేశారు. కొత్తగా వచ్చిన కండక్టరు ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయ పెట్టాడు. ఊళ్లో బస్సులన్నీ శుక్రవారం ఈ పని చేసే బయలుదేరతాయి, అందులో కొత్తేమీ లేదు. కానీ డ్రైవరు బస్సు ఎక్కలేదు. కింద నిలబడి కర్పూరం వెలిగించిన పళ్లెం పట్టుకున్నాడు. సీట్లోకి ఎక్కింది మొదలాళి కొడుకు. ఇంకా మీసం సరిగా రాలేదు. బస్సు గర్రుమని ముందుకు ఉరికి, నిమ్మకాయలు చిట్లాక కుదుపుతో ఆగింది. పిల్లవాడు దిగాడు, డ్రైవరు ఎక్కాడు. ఒక్కో బస్సుకూ అంతే.

టీ బంకు అతన్ని అడిగితే, ఆ అబ్బాయిది రాశిగల చెయ్యి అనీ, శుక్రవారం వాడు కాయ తొక్కిస్తేనే వారమంతా కలెక్షన్ బాగుంటుందని మొదలాళి నమ్మకమనీ చెప్పాడు. లైసెన్సు సంగతి నేను అడగలేదు. ఆ వయసుకు బస్సు నడిపే లైసెన్సు ఎవరూ ఇవ్వరు. లైసెన్సు లేనివాడు చక్రం పట్టాడని తెలిస్తే ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులుపుకుంటారు, పరిహారమంతా మొదలాళి మెడకే చుట్టుకుంటుంది. కొడుకు మీద కేసు వేరే. నా లెక్క అక్కడికి సరిపోయింది. కండక్టరు నోరు ఎందుకు మెదపడో మాత్రం అందులో ఇమడలేదు. ఇతనికి కూడా లోపల్లోపల ఏదో ముట్టిందేమోనని ఆ దారంతా అనుకుంటూ వచ్చాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. భార్య వంటింటి గడప దగ్గర చింతపండు గింజలు తీస్తూ వింటోంది.

“ఎంత ఇస్తానన్నాడు?” అని అడిగాను.

“దుడ్డు కాదణ్ణా,” అన్నాడు. “ఆ షెడ్డు నేల వాలుగా ఉంటాది గదా. కాయ పెట్టి లేస్తానే అది జారి దొర్లిపోతా ఉండె. వంగి పట్టుకునే టైము లేదు. చెప్పుకాలితో ఆపినా. అమ్మోరికి పెట్టిన కాయ మింద చెప్పుకాలు ఏసినా. అదే కాలు మింద చక్రం ఎక్కె. ఆ కాలికి నేను ఎవుర్ని దుడ్డు అడిగేది?”

ఇన్నాళ్లూ నేను వెతికింది జేబుల్లో. ఇతను ఇది పెళ్లానికి కూడా చెప్పలేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. సంతకం పెట్టడం అతనికి మొదలాళిని కాపాడటం కాదు, తన శిక్షను మర్యాదగా ఒప్పుకోవడం. టైంకీపర్ పని కూడా అక్కర్లేదన్నాడు.

చట్టం గురించి ఏదో మొదలుపెట్టాను. నాకే అది చెల్లని మాటలా వినిపించింది. అప్పుడు అతని భార్య చేతిలోని చింతపండు పక్కన పెట్టి ఇటు తిరిగింది.

“అమ్మోరు శిక్ష ఏసిందనే పెట్టుకో. నీ కాలు కాయ మింద ఉండె, సరి. బ్రేకు మింద ఉండాల్సిన కాలు యాడ ఉండె? ఆ పిల్లోడు పొద్దున లేచి ఇడ్లీ తిని, ఊరంతా తిరగతాండాడు. అమ్మోరు నీ ఒక్కని కాలే చూసిందా?”

ఆమె మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. సోమవారం డ్రైవరు వస్తే కాగితం సంతకం లేకుండానే చేతికిచ్చింది.

అర్జీ మీద అతనే సంతకం పెట్టాడు, లేబరు ఆఫీసులో కేసు వేశాం. విచారణకు రోజు పడటానికి చాలాకాలం పట్టింది. ఈలోగా మందుల డబ్బు ఆగిపోయింది, డ్రైవరు రావడం మానేశాడు. కండక్టరు మాట మార్చుకుంటాడేమోనని నేను రోజూ ఎదురింటి తలుపు వైపు చూస్తూనే ఉన్నాను.

విచారణ తమిళంలో జరిగింది. పాదం పెద్ద బరువు కిందే నలిగిందని డాక్టరు రాసిచ్చాక టూవీలరు కథ అక్కడ ఎవరూ ఎత్తలేదు. నిమ్మకాయ పెట్టడం అతని సొంత భక్తి, కంపెనీ పని కాదని మొదలాళి వకీలు వాదించాడు. పెట్టకపోతే ఏమవుతుందని ఆఫీసరు కండక్టరును అడిగాడు. బస్సు షెడ్డు దాటదన్నాడు. సీట్లో ఎవరున్నారని అడిగాడు. అతను మొదలాళి వైపు చూశాడు. ఆయన అతని పెళ్లికి వచ్చి ముందు వరుసలో కూర్చున్న మనిషి. చూస్తూనే కొడుకు పేరు చెప్పాడు.

తర్వాత డ్రైవరును పిలిచారు. అబద్ధం చెబుతాడని నేను గట్టిగా నమ్మాను. తను కింద హారతి పట్టుకుని నిలబడ్డానని తల దించుకుని ఒప్పుకున్నాడు. వేరే కంపెనీలో పని ముందే కుదుర్చుకున్నాడేమోనని నా అనుమానం. అడగలేదు.

అయిపోయిందనుకుంటుండగా కండక్టరు మళ్లీ లేచి, కాయను చెప్పుకాలితో ఆపిన సంగతి చెప్పాడు. ఎవరూ అడగలేదు. అది ఇక్కడ అవసరం లేదని ఆఫీసరు అన్నాడు.

“అదీ రాయండి సార్. జరిగిందంతా రాస్తామంటిరి గదా,” అన్నాడు.

వకీలు వెంటనే అందుకున్నాడు, తప్పు తనదేనని అతనే ఒప్పుకుంటున్నాడన్నాడు. పనిలో ఉన్నాడా లేడా అన్నదే ఇక్కడి ప్రశ్న, జాగ్రత్తగా ఉన్నాడా అన్నది కాదని చెప్పి ఆఫీసరు రాసుకున్నాడు.

తీర్పు మా వైపే వచ్చింది. కాపీ ఇంగ్లీషులో ఉంది. వాళ్ల వరండాలో కూర్చుని వయసు, జీతం, హెచ్చవేత ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను. సరిపోయినా మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. అతను మొత్తం ఎంతని అడగలేదు. ఆ చెప్పుకాలి మాట అందులో ఉందా అని అడిగాడు. ఉందన్నాను. తెలుగు చేసి చదివి వినిపించాను. అతను వింటూ తల ఊపాడు. లోపలి నుంచి అతని భార్య, సీట్లో ఎవరున్నారో అది కూడా రాశారా అని అడిగింది. అది దాని కింది వరుసలోనే ఉంది. అదీ చదివాను.