బంతికి తలంటు పోసిన పాపం

నెల్లూరు జిల్లా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ చరిత్ర అంటూ ఎవరైనా రాస్తే అందులో నా పేరు తప్పకుండా ఉండాలి. బాగా ఆడినందుకు కాదు. ఒక్క సాయంత్రంలో రెండు జట్లను, ఒక రెఫరీని, ప్రిన్సిపాల్ గారి తెల్ల పట్టుచీరను, నా ప్రాణస్నేహితురాలి బతుకును ఒకే ఒక్క సీసా ఆముదంతో ముంచినందుకు. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ సగం దాకా నవ్వుతూనే చెబుతాను.

అరవైల తొలి సంవత్సరాల మాట ఇది. కలిగిరి వైపు మెట్ట పల్లె నుంచి నెల్లూరికి వచ్చి, ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మా డ్రిల్ మేడం బాస్కెట్‌బాల్ జట్టు కోసం పదిమందిని పోగుచేయాలని కాలేజీ అంతా గాలిస్తే తొమ్మిది మందే తేలారు. పదో మనిషిగా, హాస్టల్ వరండాలో వేరుశనక్కాయలు వొలుచుకు తింటున్న నన్ను చెయ్యి పట్టుకుని లేపుకుపోయారు. నా ఎత్తుకు ఆ బాస్కెట్టును తలెత్తి చూడ్డమే గొప్ప. అందుకని నాకు వేరే పదవి కట్టబెట్టారు. బంతిని, దానికి గాలి కొట్టే పంపును భద్రంగా చూసుకోవడం. ఆ పదవిని నేను కలెక్టరు ఉద్యోగంలా స్వీకరించాను.

మా జట్టుకు అసలు ప్రాణం గంగమ్మ. మైపాడు పిల్ల. వాళ్ల నాయనకు ఒక పడవ ఉండేది. వాళ్ల వీధిలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేది. తాటిచెట్టంత ఎత్తు, పెద్ద పెద్ద అరచేతులు. క్లాసులో నా పక్కనే కూర్చునేది. ఆమె పక్కన నేను నడుస్తుంటే పిల్లను బడికి దింపడానికి వచ్చిన తల్లి అనుకునేవాళ్లు, తల్లి ఆమే అని వేరే చెప్పనక్కర్లేదు కదా.

ఆ ఏడు మా మొదటి మ్యాచి కావలి కాలేజీ పిల్లలతో, మా కోర్టులోనే అని ఖాయమైంది. ఆ వార్త వచ్చిన రోజు గంగమ్మ ముఖం వెలిగిపోయింది.

"తిరుపతి నుంచి సెలక్షన్ మేడం వస్తా ఉండారంట మే, మన మ్యాచి చూడ్డానికి," అంది. "యూనివర్సిటీ జట్టులోకి తీసుకున్నారంటే డ్రిల్ టీచరు ట్రైనింగులో సీటు ఖాయమంట."

"తీసుకోకపోతే?"

"తీసుకోకపోతే ఏముండాది? ఈ ఏడుతో చదువు చాలు, ఇంటికి వచ్చెయ్యమనినాడు నాయన. మా మేనమామ కొడుకు కాచుకోనుండాడు గదా."

"అట్టయితే నువ్వు ఎంపిక కావాల్సిందే!" అన్నాను నేను, ఎంపిక చేసేది నేనే అయినట్టు. ఆ క్షణం నుంచి గంగమ్మను గెలిపించే భారం నా నెత్తిన వేసుకున్నాను. ఎవరూ వెయ్యమనలేదు. అదే నా ఖర్మ.

అప్పటి బంతుల సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు. లోపల రబ్బరు తిత్తి, పైన కుట్టిన తోలు, బూటుకు ఉన్నట్టు ఒక తాడు. మ్యాచికని దాచిన మంచి బంతి వేసవి సెలవులంతా ఆటల గదిలో, రేకుల కప్పు కింద ఉడికింది. బయటికి తీసి నేలకేసి కొడితే ఎండుకొబ్బరి చిప్పలా మోగింది. తోలు బిర్రబిగిసి, అక్కడక్కడ పగుళ్లు కూడా వేసింది. బంతికి బాధ్యురాలిని నేనే కదా.

ఇక్కడ నన్ను కాస్త అర్థం చేసుకోవాలి మీరు. మాది మెట్ట సేద్యం. కపిల బావి. ఎద్దులు లాగితే పెద్ద తోలుబానలో నీళ్లు పైకి వస్తాయి. ఆ బాన ఎండిపోయి పగిలిందంటే మడి ఎండినట్టే. అందుకని మా నాయన దానికి ఆముదం పట్టించి, ఎండలో పెట్టి, మళ్లీ పట్టించేవాడు. ఆయన కిర్రు చెప్పులకూ అదే వైద్యం. తోలు ఎండితే ఆముదం పూయాలి. మా ఇంట్లో అది చర్చకు తావులేని విషయం. బాన ఒకచోట కదలకుండా వేలాడుతుందనీ, బంతిని పదిమంది చేతులతో పట్టుకోవాలనీ నా బుర్రకు తట్టనే లేదు.

ఆముదానికి కొదవ లేదు. తలకు రాసుకోమని మా అమ్మ హాస్టల్‌కు పంపిన పెద్ద సీసా నా పెట్టెలోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న వేళ హాస్టల్ వెనక బట్టలుతికే బండ మీద కూర్చుని, బంతిని ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డకు పోసినట్టు తలంటు మొదలుపెట్టాను. ఒక చుట్టు పట్టించి ఎండలో పెట్టాను. తాగేసింది. రెండో చుట్టు, అదీ తాగేసింది. మూడో చుట్టుకు సీసా ఖాళీ అయింది. కుంకుడుకాయ పులుసు ఒక్కటే తక్కువ. సాయంత్రానికి బంతి నవనవలాడే వంకాయలా మెరిసింది. పాత చీరముక్కతో శుభ్రంగా తుడిచి, గుడ్డసంచిలో పెట్టి మూతి కట్టేశాను. తాకితే చేతికి చుక్క నూనె అంటలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సోమవారం సాయంత్రం నాలుగింటికి మ్యాచి. అలవాటు కోసం కాసేపు ఆడుకున్నది పాత బంతితో. ఆట మొదలయ్యే ముందు నేను సంచి విప్పి అసలు బంతిని దేవుడి విగ్రహంలా రెండు చేతులతో అందిస్తే డ్రిల్ మేడం కళ్లు విప్పార్చారు.

"ఏమ్మా, ప్రిన్సిపాల్ గారు కొత్త బంతి తెప్పించినారా?"

నేను చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానంటే, గెలిచిన తర్వాత అందరి ముందూ చెబుదామని. 'ఈ విజయం వెనక ఎవరున్నారో తెలుసా?' అని ఎవరో ఒకరు అడుగుతారనీ, నేను సిగ్గుపడుతూ ముందుకు వస్తాననీ ఒక బొమ్మ గీసుకుని పెట్టుకున్నాను. ఆ బొమ్మే నా కొంప ముంచింది.

మొదటి అయిదు నిమిషాలు ఆట బ్రహ్మాండంగా సాగింది. ఆగస్టు వచ్చినా నెల్లూరి ఎండ ఎక్కడికీ పోదు కదా. బంతి నేలకు కొట్టుకుని కొట్టుకుని వేడెక్కింది. తాగిన ఆముదాన్నంతా మెల్లిగా కక్కడం మొదలుపెట్టింది.

ముందు కావలి కెప్టెను, కళ్లద్దాల పిల్ల, గాల్లోకి ఎగిరి బంతిని అందుకుంది. అందుకుందని ఆమే అనుకుంది. బంతి ఆమె చేతుల్లోంచి సర్రున జారి వెనక్కి పోయింది. మా పిల్ల పట్టుకుని ముందుకు విసిరితే అది పక్కకు పోయింది. ఎవరు ఎటు విసిరినా అది తనకు తోచిన చోటికే పోయేది. రెఫరీగా వచ్చిన హైస్కూలు డ్రిల్ మాస్టారు బంతిని పైకెగరేయబోతే అది ఆయన వేళ్ల నుంచి జారి ఆయన పాదం మీదే పడింది. మరో రెండు నిమిషాలకు కావలి పిల్ల విసిరిన బంతి తిన్నగా ముందు వరస కుర్చీల్లోకి ఎగిరి ప్రిన్సిపాల్ గారి ఒళ్లో కూర్చుంది. తెల్ల పట్టుచీర మీద నిండు చంద్రుడంత మరక పడింది.

"ఏమిటిది? ఏమిటీ జిడ్డు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

బెంచీ మీద కూర్చున్న నేను ఖాళీ గుడ్డసంచిని ఓణీ కింద దాచుకున్నాను.

ఇంత గోలలో ఒక్క గంగమ్మ చేతిలో మాత్రం బంతి జారలేదు. వేళ్లన్నీ విడదీసి, అరచెయ్యి కిందికి పోనిచ్చి, ఒంటికి అదుముకుని పట్టేది. ఊహ తెలిసినప్పటి నుంచి వలలోంచి బతికున్న చేపల్ని తీసి బుట్టలో వేసిన చేతులవి. జారేదాన్ని ఎలా పట్టుకోవాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సగం ఆట ముగిసేసరికి మాకు పదహారు, వాళ్లకు నాలుగు. మా పదహారులో పద్నాలుగు గంగమ్మవే. తిరుపతి మేడం కుర్చీ అంచుకు జరిగి, నోటుబుక్కులో గబగబా రాసుకుంటున్నారు. భయపడుతూనే నేను లోలోపల ఎగిరి గంతేశాను. నా ఆముదం ఫలించింది కదా అని!

విరామంలో కావలి కెప్టెను బంతి తీసుకుని నేరుగా రెఫరీ దగ్గరికి వెళ్లింది.

"సార్, చూడండి. బంతికి నూనె పూసినారు."

రెఫరీ వాసన చూశారు. తన చేతులు చూసుకున్నారు. "అవునమ్మా, నూనే. ఎవరు చేసిన పని ఇది?"

మా పిల్లలు ఒకరి అరచేతులొకరు చూసుకున్నారు.

"ఎవరు పూసినారో తెలీడం లేదా సార్?" అంది కావలి పిల్ల. "ఎవరి చేతిలో జారలేదో చూడండి."

అందరి తలలూ గంగమ్మ వైపు తిరిగాయి. వెనక వరసలోంచి ఎవరో, "చేపనూనె కంపు కొడతా ఉండాది," అన్నారు. ఇంకొకరు, "ఆ పిల్లది మైపాడు గదా," అన్నారు. అంతే, అక్కడున్న ప్రతి ముక్కుకూ చేపనూనె వాసన తగిలింది. ఆముదానికి చేప వాసన ఎట్లా వస్తుందండీ? అందరూ ఇళ్లలో ఆముదం రాసుకున్నవాళ్లే, ఆముదం తాగి పెరిగినవాళ్లే. అయినా మైపాడు పేరు వినగానే ముక్కులు మారిపోయాయి.

"గంగమ్మా, నువ్వేనా?" అన్నారు డ్రిల్ మేడం.

"నేను కాదు మేడం."

"మరి ఎవరు?"

గంగమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. నేను నా కాలి బొటనవేలును చూసుకుంటున్నాను. నోరు తెరిచి 'నేనే' అనడానికి ఎంతసేపు పడుతుంది? ప్రిన్సిపాల్ గారి చీర మీద మరక కనబడింది. హాస్టల్ నుంచి వెళ్లగొడతారని, మా నాయన బండి కట్టుకుని వచ్చి తీసుకుపోతాడని అనిపించింది. ఇవేవీ ఇప్పుడు సాకుల్లా కూడా పనికిరావు. నేను భయపడ్డాను. పిరికిదాన్ని. అంతకన్నా వేరే మాట లేదు.

తిరుపతి మేడం నోటుబుక్కు మూసి చేతిసంచిలో పెట్టుకున్నారు.

తర్వాత జరిగింది వింటే మీరు నన్ను కొట్టడానికి వస్తారు. మిగతా ఆట పాత బంతితో ఆడాలన్నారు. గంగమ్మను బయట కూర్చోబెట్టమన్నారు. ఆ రోజు పరీక్షలుండి మిగతా నలుగురూ రాకపోవడంతో బెంచీ మీద మిగిలింది ఒక్కతే, నేను. గంగమ్మ స్థానంలో ఆడడానికి నన్ను పంపారు! ఓణీ నడుముకు బిగించుకుని, నేరం చేసిన మనిషి కోర్టులోకి దిగింది. నేరం చేయని మనిషి బెంచీ మీదికి పోయింది. ఇరవై నిమిషాల్లో బంతి నా చేతికి ఒక్కసారే వచ్చింది. దానికి ఏ నూనే లేదు. అయినా జారవిడిచాను. ముప్పై, ఇరవై రెండుతో ఓడిపోయాం.

మరునాడు గంగమ్మ కాలేజీకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నాలుగో రోజుకు నాకు అన్నం సయించక డ్రిల్ మేడం గదికి వెళ్లి ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"ఇప్పుడా చెప్పేది?" అన్నారు. "నిన్ననే జట్టు పేర్లు వచ్చినాయి. ఆ కళ్లద్దాల కావలి పిల్లను తీసుకున్నారు."

అయినా మేడం జరిగిందంతా తిరుపతికి ఉత్తరం రాశారు. దానికి జవాబు ఎన్నటికీ రాలేదు.

ఆ ఆదివారం మైపాడు బస్సెక్కాను. ఇసుకలో పడవ నీడన గంగమ్మా, వాళ్ల నాయనా చిరిగిన వల అల్లుకుంటున్నారు. నేను ఆయన ముందు నిలబడి చేతులు కట్టుకుని, "పెద్దాయనా, ఆ నూనె పూసింది నేను. గంగమ్మ కాదు," అన్నాను.

ఆయన వల పక్కన పెట్టి, "ఏం నూనె?" అన్నాడు.

"ఆముదం. తోలు ఎండిందని."

"తోలెండితే ఆముదమే గదమ్మా పూసేది. అందులో తప్పేముండాది?" అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక.

భూమ్మీద నన్ను సమర్థించిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. చదువు సంగతి ఎత్తితే, "అయిపోయిందిలేమ్మా, ముహూర్తం పెట్టినాం," అని లేచి పడవ అవతలికి వెళ్లిపోయాడు.

గంగమ్మ నా వైపు చూడకుండా సూది ఆడిస్తూనే ఉంది.

"నేనే పూసినానని నీకు తెలుసా మే?" అన్నాను.

"తెలీకేం? బంతి చేతికి రాంగానే తెలిసింది. ఏడాదిగా నీ తల పక్కనే గదా కూర్చుంటా ఉండేది."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని చూస్తా ఉండినా."

నేను అక్కడికక్కడే సముద్రం వైపు చెయ్యి చాచి, భూమ్యాకాశాల సాక్షిగా గట్టిగా ఒట్టు వేశాను. ఇకమీదట ఈ జన్మలో ఏ బంతికీ ఏ నూనే పూయననీ, నోరు తెరవాల్సిన చోట నోరు మూసుకుని నిలబడననీ.

గంగమ్మ తల ఎత్తకుండానే, "సరేలే మే. పో, బస్సు పోతాది," అంది.

మొదటి ఒట్టు ఈనాటి దాకా తప్పలేదు. మళ్లీ ఎవరూ నా చేతికి బంతి ఇవ్వలేదు.