వెనక నిలబడి గఫూర్ విన్న మాటలు

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే ప్రొద్దుటూరు నుంచి షకీలా ఫోన్ చేసింది. నా ఫ్రెండ్ గఫూర్ కూతురు.

"పెదనాయనా, నాయన పోయినాడు."

కప్పు కింద పెట్టేశాను.

"నువ్వు పక్కనే ఉండావామ్మా?"

"ఈడనే ఉండా. నమాజు చేసుకోని మంచం మీద ఒరిగినాడు. అంతే. ఏమీ బాధ పడలే."

ఏడుపొచ్చింది. దాంతోపాటే గుండెల మీద బరువు కూడా దిగింది. ఆసుపత్రి లేదు, గొట్టాలు లేవు. వాడు కోరుకున్నట్టే పోయాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగు నుంచి నేను, ప్రొద్దుటూరు నుంచి వాడు యూనివర్సిటీలో బోటనీ చదవడానికి చేరాం. మా నాన్న బడిపంతులు. వాళ్ళ నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే రూమ్.

మెస్‌లో అందరూ గబగబా తింటుంటే వీడు సాంబారులోంచి కరివేపాకు తీసి లైటుకేసి చూసేవాడు.

"తినేది తిను ప్పా. ఆకు యాడికీ పోదు" అనేవాణ్ణి.

"దీనికి మచ్చ ఎట్లొచ్చిందో చెప్పు, తింటా" అనేవాడు.

ఆ పిచ్చే వాడికి ఉద్యోగమైంది. పులివెందుల వైపు చీనీ తోటల, అదే బత్తాయి తోటల, తెగుళ్ళు చూసే ఆఫీసర్‌గా వేశారు.

వెళ్ళిన కొత్తలోనే ఒక పల్లెలో తెగులు మొదలైంది. ఓబన్న అనే రైతు తోటలో. అప్పుడే పెళ్ళయి, పిల్లలు పుట్టి, మొదటి కాపు కోసం ఎదురుచూస్తున్న మనిషి. తోటంతా నరికి కాల్చకపోతే ఊళ్ళో ఒక్క చెట్టూ మిగలదని గఫూర్ తేల్చి చెప్పాడు. పచ్చగా కనిపిస్తున్న చెట్లతో సహా.

గొడ్డళ్ళు పడుతుంటే ఓబన్న వాడి చొక్కా పట్టుకున్నాడంట.

"నా బిడ్డల నోటికాడ కూడు తీస్తాండావు సారూ. నువ్వు బాగుపడవు."

ఆ మాట గఫూర్‌ని వదల్లేదు.

ట్రాన్స్‌ఫర్ అయింది. సర్వీసంతా మంచి పేరొచ్చింది. రిటైరై ప్రొద్దుటూరు చేరాడు. అయినా ఆ పల్లె మీదుగా పోయే బస్సు మాత్రం ఎక్కేవాడు కాదు.

"నేను చేసింది కరెక్టేనా ప్పా?" అని ఎన్నిసార్లు అడిగాడో. కరెక్టే అనేవాణ్ణి. నేను చెప్తే వాడికి చాలేది కాదు.

కొన్నేళ్ళ కింద మా యూనివర్సిటీ వాళ్ళు పేరు తెచ్చుకున్న పాత స్టూడెంట్లకు సన్మానం పెట్టారు. చూడడానికి రమ్మని నాకు పిలుపొచ్చింది. గఫూర్‌కి రాలేదు. నాకు కష్టమనిపించింది.

"ఊరికే అయినా రా ప్పా. కలిసినట్టుంటుంది" అన్నాను.

"పిలవకుండా యాడికొచ్చేది? చూస్తాలే" అన్నాడు.

ఆ రోజు హాల్లోకి అడుగుపెట్టి స్టేజీ వైపు చూశాను.

గఫూర్ ఫోటో.

దానికి దండ. కింద 'కీర్తిశేషులు'.

మొన్ననే మాట్లాడిన మనిషి! ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. పక్కనున్నాయన్ని అడిగితే "పోయారట సార్, పాపం" అన్నాడు. కుర్చీలో కూలబడిపోయాను.

మీటింగ్ మొదలైంది. గఫూర్ గురించి చెప్పడానికి పులివెందుల వైపు నుంచి ఒక రైతును పిలిపించామన్నారు. తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన మైకు ముందుకొచ్చి తన పేరు చెప్పాడు.

ఓబన్న.

"ఆ సారు నా తోట నరికిచ్చినాడు. నేను నోటికొచ్చినట్టు తిడితి. మరుసటేడు అర్థమాయె. నా ఒక్క తోట పోయింది, ఊర్లో తోటలన్నీ నిలబడె. వేరే ఊరికి మారినాక కూడా ఆ సారే నాకు మంచి అంటుచెట్లు పంపిచ్చినాడు. వాటితోనే బిడ్డల్ని చదివిచ్చుకుంటి. ఈ మాట ఆయనకు చెప్పాలని శానా దినాలు అనుకుంటి. మొగం చెల్లలే. ఇప్పుడు చెప్దామంటే సారు లేడు."

తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు నా భుజం మీద ఒక చెయ్యి పడింది.

"ఏంది ప్పా, నేనెప్పుడు పోతి?"

గఫూర్!

చేతిలో గుడ్డసంచి. ఎర్రగుంట్ల దగ్గర బస్సు చెడిపోయి ఆలస్యమైందట, ఫోనేమో ఇంట్లోనే మరిచిపోయాడట. ఓబన్న మాటలన్నీ వెనక నిలబడి విన్నాడు. నవ్వుతున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

వాడి చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత తెలిసింది. మా తర్వాతి బ్యాచ్‌లో ఇంకో గఫూర్ ఉండేవాడు. పోయింది ఆయన. ఆ వార్త విని, సన్మానం చేయాలనుకున్న మా గఫూరే పోయాడనుకున్నారు. అందుకే వీడికి పిలుపు రాలేదు.

వీడు స్టేజీ ఎక్కుతుంటే హాలంతా లేచి నిలబడింది. ఓబన్న ముందు బెదిరి వెనక్కి జరిగాడు. తర్వాత వచ్చి రెండు చేతులా పట్టేసుకున్నాడు.

"సారూ, ఉండావా!"

"ఉండా ఓబన్నా. నువ్వు చెప్పిందంతా వింటి."

నిర్వాహకులు క్షమించమని అడుగుతుంటే గఫూర్ మైకు తీసుకున్నాడు.

"మీరు పొరబాటు పడకపోయింటే ఈ మాట వినకుండానే పోతాంటి. మీకే నేను దండం పెట్టాల."

ఫోటోకున్న దండ తనే తీసేశాడు.

భోజనాల దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చీనీ తెగుళ్ళ గురించే మాట్లాడుకున్నారు. నన్ను పట్టించుకుంటే ఒట్టు!

ఆ తర్వాత ఓబన్న తోటకి ఎన్నిసార్లు వెళ్ళాడో. మళ్ళీ ఎప్పుడూ నన్ను 'కరెక్టేనా' అని అడగలేదు.

నిన్న సాయంత్రం ప్రొద్దుటూరులో మట్టి చేశారు. ఓబన్న తన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. పిడికెడు మన్ను వేసి, పక్కనే చాలాసేపు కూర్చున్నాడు.

ఏమీ మాట్లాడలేదు.

చెప్పాల్సింది చెప్పేశాడు కదా. వాడూ విన్నాడు.

వెళ్ళిరా గఫూర్. నువ్వు పడుకున్న నేల నీకు చల్లగా ఉండాలి ప్పా.