ఎలైన్ చేసిన పూత

ఈ మాటను ఇన్నేళ్లు లోపల పెట్టుకుని ఎలా తిరిగానో నాకే తెలియదు. దేవుడికి చెప్పుకున్నాను. ఆయనకు చెప్పడం తేలిక, ఎదురు ప్రశ్న వెయ్యడు. మీకు చెప్పడమే కష్టంగా ఉంది.

ఎనభైల మొదట్లో నేను నార్త్ కరోలినాలో, గాజుతీగ తీసే ఒక ప్లాంట్‌లో ఇంజనీర్‌ని. వెంట్రుకంత సన్నటి ఆ తీగలో ఫోన్ మాటలు వెలుగై వెళ్తాయి. కొలిమిలోంచి దిగీ దిగగానే దానికి పూత పడాలి. లేకపోతే చిన్న గీత పడినా పుటుక్కుమంటుంది. మా కెమిస్ట్ ఎలైన్ రెండు పూతలు తయారుచేసింది. పైన గట్టిది, రాపిడిని ఆపడానికి. లోపల మెత్తనిది, ఒత్తిడి గాజుదాకా పోకుండా తనలోనే ఇముడ్చుకోవడానికి. ఏళ్ల తరబడి ఆమెకు అదే ధ్యాస.

ఒక శుక్రవారం మా ఇంట్లో తెలుగువాళ్ల ప్రార్థన కూటం. త్వరగా వెళ్లాలని మెషిన్ స్పీడ్ పెంచాను. అంత వేగంలో, పూతను ఆరబెట్టే అల్ట్రావయొలెట్ లైట్ల కింద అది సరిగ్గా గట్టిపడదని తెలుసు. తెలియదని ఎలా అనను? కొంచెమే కదా అనుకున్నాను. తీగ చుట్టుకునే రీల్ నిండగానే స్పీడ్ మళ్లీ తగ్గించి, ఇంటికి డ్రైవ్ చేసి, అందరితో కలిసి పాటలు పాడాను.

చలికాలం ట్రయల్‌లో ఆ తీగతో చేసిన కేబుల్ ఫెయిలైంది. విప్పి చూస్తే లోపలి పూత సరిగ్గా ఆరక జిగటగా ఉంది. ఎలైన్ నా టేబుల్ దగ్గరికొచ్చింది.

"ఈ తీగ తీసిన రోజు మెషిన్‌లో ఏమైనా మార్చావా?"

"లేదు."

"అయితే తప్పు నా మిక్స్‌లోనే ఉంది," అంది. నమ్మేసింది.

గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉందని భయపడ్డానా? అదొక్కటే అయితే కార్డ్ వచ్చాకైనా చెప్పేవాణ్ణి. చెప్పలేదు. ఆమె పూతను పక్కన పడేశారు. ఆమె రిజైన్ చేసి స్కూల్లో టీచర్‌గా చేరింది.

కొన్నేళ్లకు మెత్తనిదీ గట్టిదీ రెండు పూతలు వెయ్యడమే అంతటా మామూలైపోయింది. ఆ రోజుల్లోనే ఒకసారి షాపింగ్ మాల్‌లో ఎలైన్, ఆమె భర్త ఎదురయ్యారు. "అప్పట్లో అందరూ నన్ను తప్పుపట్టారు. ఒక్క మాటా అనని మనిషి ఇతనే," అని నన్ను పరిచయం చేసింది. ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను నవ్వాను. అబద్ధం భయంలో ఆడాను, మరి ఆ నవ్వు?

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఆమె మిక్స్‌లో ఏ లోపమూ లేదు. పాడుచేసింది నేను. ఇదిగో, అనేశాను.